ఎత్తే మాట, దించే మాట

దిగుమతి అనే మాట అసలు అర్థం నాకు గుంటూరు మిర్చి యార్డులో తెలిసింది. మాది పర్చూరు వైపు నల్లరేగడి పల్లె. ఏడో తరగతి పరీక్షలు ముగిసిన వేసవిలో నాన్న నన్ను కూడా లారీ ఎక్కించుకుని వెళ్లాడు. రాత్రంతా యార్డు గేటు బయట లారీల వరసలో ఆగి, తెల్లారే వేళకు లోపలికి పోయాం. కళ్లు మంటలు, ఒకటే తుమ్ములు. ముఠావాళ్లు మా టిక్కీలను, అంటే మిరప బస్తాలను, ఒక్కొక్కటే వీపు మీదికి జార్చుకుని కమీషన్ కొట్టు ముందు వరసగా పేర్చారు. చివరిది దించాక ముఠాలో పెద్దాయన తలగుడ్డ విప్పి మెడ తుడుచుకుంటూ, "బాబాయ్, మీది దిగుమతి అయిపోయింది. ఇక కాటాకి రండి" అన్నాడు.

పరీక్షకు చదివిన సాంఘికశాస్త్రం ఇంకా తలలోంచి పోలేదు. అందులో దిగుమతి అంటే పరదేశం నుంచి సరుకు రావడం. మా చేలో కాయ గుంటూరు వస్తే దిగుమతి ఎట్లా అవుతుందని నాన్నను అడిగాను. "లారీ మీంచి దించితే దిగుమతి, లారీకెక్కిస్తే ఎగుమతి. ఇందులో దేశాలేమున్నాయిరా?" అన్నాడు.

నాన్న చెప్పిన అర్థమే పాతది. మాటను విప్పి చూస్తే చాలు, తెలిసిపోతుంది. దిగు అంటే కిందికి రావడం. ఎగు అంటే పైకి లేవడం. ఎగు ఇవాళ ఒంటరిగా మన నోట పలకదు గానీ దాని సంతానం మాత్రం మన మధ్యే తిరుగుతోంది: ఎగయడం, ఎగరడం, ఎగబాకడం, కృష్ణకు ఎగువ, ఎగుడుదిగుడు బాట. చివర ఉన్న మతిని చూసి బుద్ధి అనుకోనక్కర్లేదు. అనుమతి, బహుమతి సంస్కృతం నుంచి వచ్చినవి, వాటిలో మతికి తలపు అనే అర్థం ఉంది. ఎగుమతిలో తలపుతో పని లేదు, బరువుతోనే పని. బండి మీదికో ఓడ మీదికో సరుకు ఎత్తితే ఎగుమతి, దించితే దిగుమతి. ధాన్యం మిల్లు దగ్గరా, సిమెంటు గోడౌను దగ్గరా హమాలీలు ఇప్పటికీ ఈ రెండు మాటలనూ ఆ అర్థంలోనే వాడుతున్నారు. పత్రికలు, పాఠ్యపుస్తకాలు వాటిని సముద్రం దాటించాయి గానీ కూలివాడి నోట అవి పుట్టినచోటనే ఉన్నాయి.

ఇరుగుపొరుగు భాషల్లో ఎట్లా ఉందో చూశాను. తమిళులు ఏట్రుమది, ఇరక్కుమది అంటారు. మలయాళంలో కయట్టుమది, ఇరక్కుమది. అంటే అక్కడా ఎక్కించడం, దించడమే. కన్నడంలో రఫ్తు, ఆమదు. ఇవి పారసీకం నుంచి వచ్చినవి, పోయింది, వచ్చింది అని వాటి అర్థం. హిందీలో నిర్యాత్, ఆయాత్ అన్నా పోవడం రావడమే. ఇంగ్లీషు ఎక్స్‌పోర్టులో ఉన్న పోర్టు రేవు కాదు, లాటిన్‌లో మోయడం. బయటికి మోసుకుపోవడమని మాట.

పోక, రాక అన్నవి దారి పక్కన నిలబడి చూసేవాడి మాటలు. సుంకం వసూలు చేసే చావిడిలో కూర్చున్నవాడికి సరుకు అట్లా కనిపిస్తుంది. ఎత్తడం, దించడం మోసేవాడి మాటలు. ఇంకొక తేడా కూడా ఉంది, నా మనసు పట్టుకున్నది అదే. ఎక్స్‌పోర్టులో దిశ బయటికి. ఎగుమతిలో దిశ పైకి. పరదేశాలతో వ్యాపారం బీద దేశాలను పైకి తెస్తుందా లేదా అని పండితులు ఇంత కాలంగా వాదించుకుంటున్నారు. మన భాష ఆ పైకి అన్న మాటను సరుకు పేరులోనే పెట్టుకుంది. సరుకు పైకి లేచింది సరే, దాంతోపాటు ఎవరు లేచారు? ఆ ప్రశ్న అడగడానికి నాకు వేరే శాస్త్రం అక్కర్లేదు, ఈ మాటే చాలు.

మా వైపు రైతు సంసారమంతా మూడు "బడి"ల మధ్య నడుస్తుంది: పెట్టుబడి, దిగుబడి, రాబడి. కళ్లం దగ్గర ఇద్దరు రైతులు కలిస్తే "ఎకరాకి ఎంత దిగింది?" అని అడుగుతారు. పాతిక దిగింది అంటారు, పన్నెండే దిగింది అంటారు. పంట దిగుతుంది. చెట్టు మీంచి కళ్లంలోకి, కళ్లం నుంచి టిక్కీలోకి దిగుతుంది. అట్లా దిగినదాన్ని లారీకి ఎత్తడం ఎగుమతి. దిగుబడికీ ఎగుమతికీ మధ్య పెద్ద ఎడం లేదు. లారీ తొట్టె మనిషి ఛాతీ ఎత్తున ఉంటుంది. మా మైదానంలో చాలా ఏళ్లుగా ఎగుమతి అన్న మాట ఎత్తు ఆ ఛాతీ ఎత్తే.

ఎప్పుడూ ఇంతేనా అంటే కాదు.

చీరాలకు అవతల చినగంజాం దగ్గర మోటుపల్లి ఉంది. ఇవాళ చిన్న పల్లె. అక్కడి వీరభద్రస్వామి గుడిలో కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన శాసనం ఉంది. అభయశాసనం అంటారు దాన్ని. అంతకు ముందు గాలివానకు చెదిరి ఈ తీరానికి కొట్టుకొచ్చిన ఓడల్లో ఉన్న బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ రాజులు లాగేసుకునేవారు. గణపతిదేవుడు అది మానేశాడు. ప్రాణం కన్నా ధనం మిన్న అనుకుని సముద్రానికి తెగించి వచ్చేవాళ్లు కదా అని దయతలచి, నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేమీ పుచ్చుకోనని రాయి మీద చెక్కించాడు. పోయే సరుకు మీదా వచ్చే సరుకు మీదా ముప్పయ్యో వంతు. ఏ సరుకుకు ఎంతో కూడా చెప్పాడు: చందనం, కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, పట్టు, పగడం, మిరియాలు, పోకలు.

ఆ శాసనంలో నాకు రాజు దయ కన్నా ఆ ముప్పయ్యో వంతు గొప్పగా తోస్తుంది. ఎంత కట్టాలో ముందే తెలియడం గొప్ప. ఇవాళ ఒక లెక్క, రేపు ఒక లెక్క కాకపోవడం గొప్ప. వర్తకుడు ఓడ ఎక్కేముందే లాభనష్టాలు వేసుకోగలిగాడు. కొండవీటి రెడ్డిరాజు అనవోతారెడ్డి కూడా 1358లో అదే చోట మళ్లీ అభయం ఇచ్చాడు. శ్రీనాథుడు హరవిలాసాన్ని అంకితమిచ్చింది ద్వీపాంతరాల నుంచి సరుకు తెప్పించిన అవచి తిప్పయ్య శెట్టికే. రాజుకో దేవుడికో దక్కే కృతి ఒక దిగుమతి వర్తకుడికి దక్కిన కాలం అది. అంతకు ముందే, రుద్రమదేవి ఏలుబడి గురించి విన్న మార్కో పోలో మోటుపల్లి రేవును ముత్ఫిలి అన్నాడు, ఇక్కడి బట్టను సాలెగూటితో పోల్చాడు.

అతను మెచ్చుకున్నది బట్టను, పత్తిని కాదు. ఈ చర్చకంతటికీ ఇదే ముడి అని నేను అనుకుంటాను. ఆ రోజుల్లో ఈ తీరం నుంచి ఓడకెక్కింది నేసి, అద్దకం వేసి, మడత పెట్టిన గుడ్డ. 1611లో ఇంగ్లీషు కంపెనీ ఓడ గ్లోబ్ పెదపల్లి అనే నిజాంపట్నానికి వచ్చింది కూడా గుడ్డ కోసమే. ఆ చుట్టుపక్కల ఇసుక నేలల్లో దొరికే చిరివేరు ఇచ్చే ఎరుపుకు అంత పేరు. డచ్చివాళ్లు ఈ గుడ్డ కొని తూర్పు దీవులకు పట్టుకుపోయి దానికి మారుగా సుగంధద్రవ్యాలు తెచ్చుకునేవారు. చీరాల నుంచి అరబ్బు దేశాలకు ఎర్రటి నల్లటి తేలియా రుమాళ్లు పోయేవి. రుమాలు పారసీకం మాట, మొహం తుడిచేదని అర్థం. తేలియా అన్నది నూనెను బట్టి వచ్చింది. నూలును ఆముదపు కాయల బూడిద కలిపిన నూనెనీళ్లలో రోజుల తరబడి నానబెట్టి పిసికితేనే ఆ ఎరుపు పట్టేది. ఒక్క రుమాలు ఓడకెక్కితే దానితోపాటు ఎన్ని చేతుల పని ఎక్కేదో! దున్నినవాడు, ఏకినవాడు, వడికిన ఆడమనిషి, వేరు తవ్వినవాడు, అద్దినవాడు, నేసినవాడు.

తర్వాత మాంచెస్టరు నూలు ఈ రేవుల్లో దిగింది. ఎగుమతి ఆగలేదు, దాని లోపలి సరుకు మారింది. 1861 నుంచి 1865 దాకా అమెరికాలో అంతర్యుద్ధం జరిగి లాంకషైరు మిల్లులకు దూది కరవైనప్పుడు మన దేశపు పత్తికి ఒక్కసారిగా గిరాకీ లేచింది, యుద్ధం ఆగగానే పడిపోయింది. గుంటూరు, కృష్ణా మెట్టల్లో పండిన కాస్త ఎర్రజీర పత్తిని ప్రపంచ మార్కెట్టు "కోకనాడాస్" అంది, అంటే కాకినాడ. పండించిన నేల పేరు పోయి, ఓడకెక్కించిన రేవు పేరు దానికి అంటుకుంది. పేరు మిగిలించుకోవాలంటే పని మిగిలించుకోవాలని ఆ ఒక్క మాట నాకు చెబుతోంది. అట్లాంటిదే ఇంకోటి. దూది వ్యాపారులు ఇవాళ్టికీ ధరను క్యాండీ లెక్కన చెబుతారు, 356 కిలోలు ఒక క్యాండీ. ఆ క్యాండీ మన ఖండి. ఓడలెక్కి పోయి, ఇంగ్లీషు ఉచ్చారణ తొడుక్కుని వచ్చింది. గిన్నింగు మిల్లు దగ్గర రైతుకు అదేదో సీమ కొలత అనిపిస్తుంది.

మిరపకాయ కథ దీనికి తలకిందులు. అది అమెరికా ఖండం మొక్క. పోర్చుగీసు ఓడల్లో వచ్చి మన రేవుల్లో దిగింది, అచ్చమైన దిగుమతి. వచ్చేనాటికి మన కారమంతా మిరియాలదే కాబట్టి దాని పేరే దీనికీ పెట్టాం: మిరియం, మిరప. తమిళులు మిళగు నుంచి మిళగాయ్ చేసుకున్నారు, కన్నడిగులు మెణసు నుంచి మెణసినకాయి. స్పెయిన్‌వాళ్లూ అంతే, మిరియాన్ని పిమియెంతా అంటారు, మిరపను పిమియెంతో అన్నారు. కొత్తదానికి పాతదాని పేరు పెట్టి ఇంట్లోకి పిలుచుకోవడం అన్ని జాతులకూ ఉన్న గుణమే. కానీ పరాయి మొక్కను ఇంతగా సొంతం చేసుకున్న నేల మాది. గుంటూరు దగ్గరి లాం పరిశోధన స్థానంలో పుట్టిన 334 రకం పేరు తెలియని మిరప రైతు ఈ జిల్లాల్లో ఉండడు. గుంటూరు సన్నం కాయకు భౌగోళిక గుర్తింపు దక్కింది. సన్నం అన్నది మన ఇంటి మాట. కాయ సన్నగా ఉంది కాబట్టి సన్నం. అది తర్జుమా కాకుండా అట్లాగే దేశదేశాల కొనుగోలు కాగితాల్లోకి ఎక్కింది. కాకినాడ పేరు తగిలించుకున్న పత్తికి దక్కనిది దీనికి దక్కింది.

ఈ మైదానంలో బంగాళాపెంకులు పోయి డాబాలు లేవడం, పిల్లలు ఇంజనీరింగుకు పోవడం, ఆడపిల్లకు ఇచ్చే పసుపుకుంకుమ, అన్నిటిలోనూ పరదేశం పోయిన మిరప, పొగాకు డబ్బు ఉంది. ఊరగాయకు సరిపడా పండించుకుని ఊరుకుంటే అది వచ్చేది కాదు. అందుకే ఎగుమతులే రైతును ముంచాయి అనేవాళ్ల మాట నేను ఒప్పుకోను. 2023-24లో మన దేశం నుంచి దాదాపు 6 లక్షల టన్నుల మిరప బయటికి పోయి 12 వేల కోట్ల రూపాయలకు పైగా తెచ్చింది. చైనా, థాయిలాండ్, బంగ్లాదేశ్, శ్రీలంక కొంటున్నాయి. మరుసటి ఏడాది బయటికి పోయిన బరువు ఇంకా పెరిగింది, వచ్చిన డబ్బు తగ్గింది. 2025 ఫిబ్రవరి నాటికి యార్డులో ధర ఎంత పడిందంటే, కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు, 2.58 లక్షల టన్నుల దాకా అని ప్రకటించాల్సి వచ్చింది. అంతకు ముందు ఏళ్లలో ఇరవై వేలు చూసిన రైతులు వాళ్లు. సరుకు పైకి లేస్తూనే ఉంది, రైతు దిగుతున్నాడు. ఎగుమతి, దిగుబడి, రాబడి మూడూ ఒకే తాడుకు కట్టి లేవని ఆ ఏడు కళ్లారా చూశాం.

మరి పైకి తెచ్చేదేమిటి? నాకు తెలిసినంతలో ఒక ఉదాహరణ చెబుతాను. 2003లో ఫ్రాన్సులో మన దేశపు మిరప సరుకులో సూడాన్ అనే రంగు బయటపడింది. అది మైనాలకు వేసే రంగు, తిండిలో ఉండకూడదు. 2005 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో ఆ రంగు కలిసిన కారంతో చేసిన సాసు వల్ల 400కు పైగా తిండి సరుకులను దుకాణాల నుంచి వెనక్కి తీసుకున్నారు. ఎక్కడో ఒక మిల్లులో ఒక పిడికెడు రంగు కలిపితే మైదానమంతటికీ మచ్చ. ఆ రంగు మొదట బయటపడినప్పటి నుంచి స్పైసెస్ బోర్డు ఎగుమతి మిరపకు పరీక్ష తప్పనిసరి చేసింది. గుంటూరులోనే ప్రయోగశాల పెట్టారు. బూజు వల్ల పుట్టే అఫ్లాటాక్సిన్‌ను కూడా పరీక్షిస్తారు. యూరపు హద్దు కిలోకు 10 మైక్రోగ్రాములు, అంటే వంద టన్నుల కాయలో ఒక్క గ్రాము.

ఆ ఒక్క గ్రాము ఎక్కడ పుడుతుంది? కళ్లంలో. ఆరబోసిన కాయ మీద అకాలవాన పడితే, రాత్రి మంచుకు పట్టా కప్పడం ఆలస్యమైతే, కాయ ముడుచుకుని తెల్లబడి తాలు అవుతుంది, బూజు పడుతుంది. కాబట్టి యూరపు ఇంటి బల్ల మీది కారానికీ మా కళ్లంలోని పట్టాకూ నేరుగా సంబంధం ఉంది. పట్టా, గట్టి కళ్లం, ఆరబెట్టే యంత్రం, తాలు ఏరే చేతులు, తొడిమ తీసే చేతులు, రంగూ కారమూ కొలిచే ప్రయోగశాల: ఇవే దిగుబడికీ ఎగుమతికీ మధ్య ఉండాల్సిన మెట్లు. ఎన్ని మెట్లు మన ఊళ్లో ఉంటే అంత ఎత్తు నుంచి సరుకు లారీ ఎక్కుతుంది. చిలకలూరిపేట, గుంటూరు మధ్య ఎడ్లపాడు మండలం వంకాయలపాడులో స్పైసెస్ పార్కు అందుకోసమే పెట్టారు. మా లారీలు దాని మీదుగానే యార్డుకు పోతాయి. తేజ రకం మిరపకాయలోంచి సారం తీస్తే దాని విలువ ఎన్నో రెట్లు. ఆ పని ఎక్కువగా చైనాలోనో కొచ్చి చుట్టుపక్కలో జరుగుతున్నప్పుడు నాకు పెదపల్లి చిరివేరు గుర్తుకొస్తుంది. ఆ ఎరుపును మనవాళ్లు ఇక్కడే తీశారు. ఈ ఎరుపును ఇక్కడ తీయలేమని ఎవరైనా అంటే నమ్మను.

పత్తి సంగతిలో చిక్కు ఇంకా లోతు. గుంటూరు నూలుమిల్లుల ఎగుమతికి చవక దూది కావాలి, అంటే దిగుమతి కావాలి. రైతుకు ఆ దిగుమతే గండం. 2025 ఆగస్టులో పరదేశపు దూది మీద ఉన్న 11 శాతం సుంకం ఎత్తేశారు, తర్వాత డిసెంబరు ఆఖరు దాకా పొడిగించారు. సుంకం ఎత్తితే ధర దిగుతుంది. ఆ ఎత్తడం, దిగడం రెండూ పత్తి తీత మొదలయ్యే కాలంలోనే జరిగాయి. మిల్లువాళ్ల బాధ అబద్ధం కాదు. కానీ అమెరికా తన పత్తి రైతుకు ఇచ్చే రాయితీల వల్ల మేం చితికిపోతున్నామని బెనిన్, బుర్కినా ఫాసో, చాద్, మాలి 2003లో ప్రపంచ వాణిజ్య సంస్థ ముందు మొరపెట్టుకున్న సంగతి తెలిసినవాడు, ఆ దూది ఎందుకు చవకో కూడా అడగాలి. ధర చవక కావడం వేరు, ఎవరో రాయితీ కట్టి చవక చేయడం వేరు. 1987-88లో తెల్లదోమ పడి ఇదే గుంటూరు, ప్రకాశం పల్లెల్లో పత్తి రైతులు పురుగుమందు తాగి చనిపోయిన ఏడాదిని చూసినవాళ్లు ఇంకా బతికే ఉన్నారు. పంటకు ఏటా వెన్ను ఆనించుకోవడానికి ఏదో ఒకటి ఉండాలని వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఎగు కుటుంబంలో ఎగవేత కూడా ఉంది. నాన్న సరుకు ఒక వ్యాపారి పరదేశపు ఆర్డరుకని అరువు మీద ఎత్తుకుపోయాడు. మూడు నెలల్లో పట్టీ డబ్బు అన్నాడు. ఆ తర్వాత ఒకరోజు ఊళ్లో "ఐపీ పెట్టాడంట" అన్నారు. మా వైపు ఐపీ పెట్టడమంటే దివాలా పిటిషను వేసి చేతులెత్తేయడం. మా డబ్బు రాలేదు. మా అమ్మ ఆ ఏడు కౌలు కట్టడానికి గొలుసు తాకట్టు పెట్టింది. ముప్పయ్యో వంతు తప్ప తీసుకోనని రాయి మీద చెక్కించిన రాజు గొప్ప అని నేను ఎందుకంటానో చదివేవాళ్లకు ఇప్పుడు తెలిసే ఉంటుంది. మాటకు కట్టుబడినవాడు ఒకడు మధ్యలో లేకపోతే పంట ఎంత దూరం పోయినా ఇంటికి తిరిగి వచ్చేది ఏమీ లేదు.

ఎవరూ దించకుండా దిగిన దిగుమతి కూడా ఒకటుంది. 2021 ఆఖర్లో నల్లతామర పురుగు వచ్చి మిరప పూత నాకేసింది. అది ఆగ్నేయ ఆసియా వైపు నుంచి వచ్చిన పురుగు. దానికి లారీ అక్కర్లేదు, హమాలీ అక్కర్లేదు, దిగింది.

పోయిన వేసవిలో యార్డు దాకా వెళ్లాను. బయట ఒక రేకుల షెడ్డులో ఇరవై ముప్పై మంది ఆడవాళ్లు కొంగు ముక్కుకు అడ్డం కట్టుకుని తొడిమలు తీస్తున్నారు. పక్కనే ముఠావాళ్లు సంచులు లారీకెత్తుతున్నారు. దగ్గర్లో ఉన్న ఆమెను ఈ కాయ ఎక్కడికి పోతుందమ్మా అని అడిగాను. "మద్రాసు రేవుకంటండీ. ఆ పైన మాకు తెలవదు. తొడిమ లేకుండా కావాలని అడిగితే మాకు నాలుగు నెలలు పని. తొడిమతోనే పంపమంటే ఇంటికే" అంది. మాది ఏ ఊరో కనుక్కుని, "మీ వైపు ఈ ఏడు ఎకరాకి ఎంత దిగిందండీ?" అని అడిగింది. పద్దెనిమిది దిగిందని చెప్పాను. పర్లేదండీ అంది. చేతులు మాత్రం ఆగలేదు.